సీటొచ్చింది కద, రిపోర్టింగేంది?

డిగ్రీ సీట్ల దోస్త్ మెసేజ్‌లు వచ్చిన వారమిది. మంథనిలో మీసేవ ముందు నిలబడ్డ తండ్రులది ఒకటే ప్రశ్న: "సీటొచ్చింది కద సార్, మల్ల ఈ సెల్ఫ్ రిపోర్టింగేంది?" గడువులోగా ఆన్‌లైన్‌లో ఆ పని చేయకుంటే వచ్చిన సీటు పోతుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. కాలేజీ కాలేజీ తిరిగే బాధ 2016లో దోస్త్ వచ్చాక తప్పింది, కాదనను. కానీ ఇందులో ప్రతి మాట వెనకా పైసలున్నాయి. స్పాట్ అడ్మిషన్లలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండదు. ఆ సంగతి చాలా ఇండ్లలో ఫీజు కట్టమన్న రోజే తెలుస్తుంది.

ఇంజినీరింగ్ వెబ్ ఆప్షన్లదీ ఇదే కథ. పైన పెట్టిన కాలేజీలో సీటు వస్తే కింద పెట్టినవాటి ఊసే ఉండదు. మన పక్కన సెంటినరీ కాలనీలో 2010 నుంచి జేఎన్‌టీయూ కాలేజీ ఉంది. పిల్లలు దాన్ని అడుగున పడేసి, హోర్డింగుల మీద చూసిన హైదరాబాద్ శివారు కాలేజీలను పైన పెడతారు. పదివేల ర్యాంకు దాటిన బీసీ పిల్లలకు సర్కారు ఇచ్చేది సాధారణంగా 35 వేలే. మిగతాది అప్పు.

ఇక్కడ నాకో పాత పట్టుదల ఉంది. ఈ మంథని నియోజకవర్గం నాలుగుసార్లు గెలిపించిన పీవీ నరసింహారావే 1968లో పుట్టిన తెలుగు అకాడమీకి తొలి అధ్యక్షుడు. డిగ్రీ పాఠ్యపుస్తకాలు, పారిభాషిక పదావళులు తెలుగులో అచ్చువేసిన సంస్థ అది. రసాయనశాస్త్రాన్నే తెలుగులో చెప్పగలిగినవాళ్లం, కన్వీనర్ కోటా, స్లైడింగ్, క్రెడిట్లు, బ్యాక్‌లాగ్ అంటే ఏమిటో నాలుగు పేజీల్లో రాసి ఇంటర్ సెకండియర్ పిల్లల చేతిలో పెట్టలేమా? పరీక్షలకు ముందు రెండు పీరియడ్లు చాలు. ఆ రెండూ దొరకవు. మోడల్ పేపర్లుంటాయి మరి.

ఇన్ని తెలుసుకుని చదువు గట్టెక్కినవాడికైనా సుఖముందా? రీయింబర్స్‌మెంట్ బకాయి పడింది సర్కారు. కాలేజీలు పట్టుకుని కూర్చునేది పిల్లల టీసీలు, మెమోలు. బాకీ ఒకరిది, జప్తు ఇంకొకరి మీద. ఏ కోర్టులో ఉందీ న్యాయం? సర్టిఫికెట్ చేతికి రాక పీజీ కౌన్సెలింగ్ తప్పిపోయిన పిల్లకు, ఆ రీయింబర్స్‌మెంట్ బిల్లు వచ్చే ఏడు పాసైతే ఎంత, కాకపోతే ఎంత!