ఆయనగారి పాత పిస్తోలు మన హ్యాండ్‌బ్యాగులోకా?

ఇంటికి కొత్త బండి వస్తే పాత స్కూటరు ఇల్లాలికి. కొత్త సెల్‌ఫోను వస్తే గీతలు పడ్డ పాతది ఇల్లాలికి. మనకిది అలవాటే, పెద్దగా పట్టించుకోం కూడా. కానీ అమెరికాలో ఉన్న మన తెలుగు ఇళ్లలో కొన్నింట ఈ వరసలోకి ఇంకో వస్తువు వచ్చి చేరింది. పిస్తోలు! అయ్యగారు సరదాపడి కొనుక్కున్న పాత సైన్యపు పిస్తోలు. ఆయన కొత్తది కొనుక్కోగానే, "రాత్రిపూట ఒక్కదానివే వస్తుంటావుగా, ఇది బ్యాగులో పడేసుకో" అంటూ అమ్మగారికి అందుతుంది. ఆ మాటలో ప్రేమ లేదని నేననను. కానీ ఆ వస్తువు ఆ పనికి తగినదేనా అని అడిగేవాళ్లే కనబడరు.

"ఇది ఆడవాళ్ల పేజీలో రాయాల్సిన సంగతా?" అని ముక్కున వేలేసుకునేవాళ్లు ఉంటారు. మీ కూతురో కోడలో టెక్సస్‌లోనో జార్జియాలోనో ఉంటే ఇది మీ సంగతే. టెక్సస్‌లో 21 ఏళ్లు నిండి, చట్టం అడ్డులేని వాళ్లెవరైనా 2021 సెప్టెంబరు 1 నుంచి లైసెన్సు లేకుండానే పిస్తోలు దాచుకుని తిరగొచ్చు. ఇప్పుడు సగానికి పైగా రాష్ట్రాల్లో ఇదే పద్ధతి. నేనుండేది డాలస్ దగ్గర. లైసెన్సు క్లాసుకి వెళ్లాను, కాల్చడం నేర్చుకున్నాను, నెలకోసారైనా రేంజికి వెళ్తాను. కాబట్టి తుపాకీ పేరు చెబితేనే బెదిరిపోయే మనిషిని కాను. అయినా నా అభిప్రాయం గట్టిది. సైన్యం వాడి వదిలేసిన పాత పిస్తోలు రోజూ ఒంటిమీదో, బ్యాగులోనో దాచుకుని తిరగడానికి పనికిరాదు.

మా పిన్ని కూతురు ఇక్కడ ఒక పెట్రోలు బంకులో స్టోరు నడుపుతోంది. రాత్రి పదకొండింటికి తాళాలు వేసి, ఆ రోజు డబ్బు సంచీలో వేసుకుని చీకట్లో కారు దాకా నడవాలి. భయం దానిది నిజమే, నేను కాదనలేను. దానికి వాళ్లాయన ఇచ్చింది టోకరెవ్. "ఈయనేమో నూరేళ్లయినా చెక్కుచెదరదంటున్నారు, నిజమేనా అక్కా?" అని ఫోన్ చేసింది.

ఈ టోకరెవ్ 1930లలో సోవియట్ సైన్యం చేపట్టిన పిస్తోలు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసింది. తర్వాత పోలండ్, రుమేనియా, హంగరీ, యుగొస్లావియా, చైనా కూడా తయారు చేసుకున్నాయి. సోవియట్ కూటమి కూలిపోయాక గోదాముల్లో మూలుగుతున్న ఇలాంటి సరుకు అమెరికా బజారులోకి చవకగా వచ్చిపడింది. ఆ చవక రోజులు కూడా ఇప్పుడు పోయాయనుకోండి. 50 ఏళ్లు దాటిన తుపాకుల్ని అక్కడి చట్టం అపురూప, పురాతన వస్తువుల లెక్కలో వేసి, సేకరించేవాళ్లకు విడిగా ఒక లైసెన్సు కూడా ఇస్తుంది. 'చట్టమే పురావస్తువు అంటోంది, ఇంకేం కావాలి' అని నేను వాదించొచ్చు. కానీ అది న్యాయమైన వాదన కాదు. మా అమ్మమ్మ వాడిన రుబ్బురోలు ఇప్పటికీ మిక్సీ కంటే మెత్తగా రుబ్బుతుంది. పాతదైనంత మాత్రాన చెడ్డదైపోదు. టోకరెవ్ నిజంగానే గట్టి వస్తువు. సన్నగా, బల్లపరుపుగా ఉంటుంది, విప్పి శుభ్రం చేయడం తేలిక. మగవాళ్లు మురిసిపోవడంలో అర్థం ఉంది.

చిక్కల్లా ఎక్కడంటే, అది ఎవరి కోసం తయారైంది అన్న దగ్గర. సైన్యంలో పిస్తోలు ఎవరికిస్తారు? అధికారికి, ట్యాంకు నడిపేవాడికి. మూత ఉన్న తోలు ఒరలో, అందరికీ కనబడేలా నడుముకు వేలాడుతుంది. దాచాల్సిన పని లేదు. అసలు యుద్ధం చేసేవి రైఫిళ్లు, ఫిరంగులు. పిస్తోలు అవసరం పడితే తీసి, స్లైడు వెనక్కి లాగి, తూటాను గదిలోకి ఎక్కించి కాలుస్తాడు. టోకరెవ్ ఆ అలవాటుకు తగ్గట్టే పుట్టింది. అసలు నమూనాకు చేత్తో వేసుకునే సేఫ్టీ మీట లేనే లేదు. సుత్తి సగం దూరంలో ఆగేలా ఒక గాడి ఉంది, అంతే. అమెరికాలోకి దిగుమతి కావాలంటే సేఫ్టీ ఉండాలి కాబట్టి తర్వాత ఎవరో ఒక చిన్న మీట అతికించారు. అది ట్రిగ్గరును ఆపుతుంది గానీ మిగతా దేన్నీ ఆపదు. పిస్తోలు చేజారి నేలమీద పడితే లోపలి పిన్ను ముందుకు దూకకుండా పట్టి ఉంచే అడ్డు ఈనాటి పిస్తోళ్లలో చాలావాటికి ఉంటుంది. దీనికి లేదు.

మరి మా చెల్లెలు దీన్ని ఎలా పెట్టుకోవాలి? తూటా గదిలో ఉంచుకుని ఆ సగం గాడిని నమ్ముకోవాలి. డెబ్బై ఏళ్లలో ఎన్ని చేతులు మారిందో, ఆ గాడి ఎంత అరిగిందో ఎవరు చూడొచ్చారు? అది వద్దనుకుంటే గది ఖాళీగా ఉంచి, ఆపద వచ్చినప్పుడు స్లైడు లాగాలి. లాగడానికి రెండు చేతులూ కావాలి. ఒక చేతిలో తాళాలు, ఇంకో చేతిలో డబ్బు సంచీ. చంకలో పిల్లాడుంటే ఇక చెప్పేదేముంది! రేంజికి తీసుకెళ్లి, ఖాళీ పిస్తోలుతోనే దాని చేత పదిసార్లు లాగించాను. ఆరోసారికే వేళ్లు జారాయి. ప్రశాంతంగా, మంచి వెలుతురులో, పక్కన నేనుండగా జరిగిన సంగతి ఇది. చీకట్లో, గుండె దడదడలాడుతున్నప్పుడు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

తూటా సంగతీ చెప్పాలి. టోకరెవ్ తూటా చిన్నదే గానీ మహా వేగం, సెకనుకు 420 మీటర్ల పైమాటే. ఒంట్లో విచ్చుకునే తూటాలు యుద్ధంలో వాడరాదని 1899లో హేగ్‌లో దేశాలు ప్రకటన చేసుకున్నాయి. అందుకే సైన్యపు తూటాకు నిండా లోహపు తొడుగు ఉంటుంది. అది తగిలినచోట ఆగకుండా దూసుకుపోతుంది. అమెరికా ఇళ్ల గోడలంటే మన ఇటుక గోడలనుకునేరు! కర్ర చట్రానికి జిప్సం అట్టలు బిగిస్తారు, మేకు కొడితే అవతలికి వస్తుంది. హాల్లో పేలిన తూటా పిల్లలు పడుకున్న గదిలోకి వెళ్లదని ఏమిటి హామీ? ఇక సైన్యపు గోదాముల నుంచి వచ్చిన పాత తూటాల్లో చాలావాటి మందు, కాల్చిన తర్వాత గొట్టంలో ఉప్పు వదులుతుంది. ఆ రోజే నీళ్లతో కడిగి, తుడిచి, నూనె పట్టించకపోతే తుప్పే. ఇనప మూకుడును తడిగా వదిలేస్తే తెల్లారేసరికి ఏమవుతుందో మనకొకరు చెప్పాలా? ఇంట్లో ఈ చాకిరీ చివరికి ఎవరి నెత్తిన పడుతుందో కూడా చెప్పక్కర్లేదు.

బరువు సుమారు 850 గ్రాములు. పట్టే తూటాలు 8. 2018లో వచ్చిన సిగ్ పి365 అరకిలో ఉంటుంది, 10 పడతాయి. మగవాడికి దళసరి బెల్టు ఉంటుంది కాబట్టి ఎంత బరువైనా నడుముకు నిలుస్తుంది. మనం వేసుకునే చుడీదారు బొందుకి కిలోకు దగ్గరైన ఇనుము కడితే ఎలా నిలుస్తుందండీ? నిలవదు. కాబట్టి అది బ్యాగులోకి వెళ్తుంది. దువ్వెన, తాళాలు, బిస్కట్ ప్యాకెట్టు, వాటి మధ్యలో పిస్తోలు!

ఈ బ్యాగు విషయంలో పాతా కొత్తా తేడా కూడా లేదు. 2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రంలో ఒక తల్లి పిల్లల్ని తీసుకుని బజారుకు వెళ్లింది. పిస్తోలు పెట్టుకోవడానికే కుట్టిన బ్యాగు ఆమెది, పిస్తోలూ కొత్త రకమే. ట్రాలీలో కూర్చున్న రెండేళ్ల కొడుకు బ్యాగులో చెయ్యిపెట్టాడు. పేలింది, తల్లి అక్కడికక్కడే పోయింది. మన పిల్లలు మన బ్యాగులో చెయ్యిపెట్టని రోజు ఒకటైనా ఉంటుందా?

అన్ని పాత పిస్తోళ్లనూ ఒకే గాటన కట్టను. మకరోవ్ అని సోవియట్ వాళ్లదే ఇంకొకటుంది, 1951 నాటిది. దానికి సరైన సేఫ్టీ ఉంది, అది వేస్తే సుత్తి కూడా క్షేమంగా దిగుతుంది. బరువూ 730 గ్రాములే. ఎవరైనా మరీ పట్టుబడితే దాని దగ్గర నేను కొంచెం మెత్తబడతాను. అయితే దాని తొమ్మిది మిల్లీమీటర్ల తూటా వేరు, దుకాణంలో మామూలుగా దొరికే తొమ్మిది వేరు. ఒకటి కొనబోయి ఒకటి కొంటే లాభం లేదు. అమెరికా సైన్యం 1985 దాకా వాడిన కోల్ట్ 1911 గొప్ప పిస్తోలే. కిలో పైన తూగుతుంది, అది మోసుకు తిరగడం నా వల్ల కాదు.

"కొత్తది కొనాలంటే డబ్బు కదా" అంటారు. మా మరిదిగారు కూడా అదే అన్నారు. ఆయనకు మాత్రం కొత్తది ఉంది మరి! ప్రాణానికి అడ్డు అని చెప్పి ఇచ్చేటప్పుడు స్ప్రింగులు కూడా మార్చని పాతది ఇవ్వడం ఏం లెక్క? అసలు పిస్తోలు ఇంట్లో ఉండటమే ఆడవాళ్లకు క్షేమమా అన్న ప్రశ్న ఒకటుంది. కాలిఫోర్నియాలో పిస్తోలున్న వాళ్లతో కలిసి ఉండేవారి మీద స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనంలో, వారు హత్యకు గురయ్యే రేటు పిస్తోలు లేని ఇళ్లలోని వారికంటే రెట్టింపుకు మించి ఉందని తేలింది. ఇంట్లో భర్త, భాగస్వామి చేతుల్లో పోయినవారిలో ఎక్కువమంది ఆడవాళ్లే. దారిన పోయే దొంగ కోసం తెచ్చిన వస్తువు ఎవరి వైపు తిరుగుతోందో చూడండి.

మా చెల్లెలు ఇప్పుడు మూసే వేళకు ఇంకో మనిషిని పెట్టుకుంది. డబ్బు పగలే బ్యాంకుకు వెళ్తోంది. కారు ఆపేచోట పెద్ద దీపం వేయించింది. టోకరెవ్ ఇనప్పెట్టెలో ఉంది.

మన దేశంలో ఈ ప్రశ్నే రాదు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు రావడమే కష్టం, సైన్యపు తొమ్మిది మిల్లీమీటర్ల రకం మామూలు పౌరులకు నిషిద్ధం. 2014లో కాన్పూరు ఫ్యాక్టరీ ఆడవాళ్ల కోసమని 'నిర్భీక్' అనే తేలికపాటి రివాల్వరు తెచ్చింది. ధర లక్షా ఇరవై రెండు వేలు! మధ్యతరగతి ఆడపిల్ల ఎక్కడ కొంటుంది?

అమెరికాలో పిల్లలున్న తల్లులు ఇంకో సంగతి తప్పక తెలుసుకోవాలి. హెచ్-1బి, హెచ్-4 వంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. రాష్ట్రం లైసెన్సు అక్కర్లేదన్నా ఇది మారదు. 2022 సవరణ తర్వాత జైలుశిక్ష 15 ఏళ్ల దాకా పడొచ్చు. పిస్తోలు మీ పేరున లేకపోయినా, బావగారో స్నేహితుడో ఇచ్చి వెళ్లినా, మీ బ్యాగులో ఉంటే మీదే. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకు ఈ అడ్డు లేదు. కానీ వాళ్లు కూడా పిల్లల్ని బడి దగ్గర దింపేటప్పుడు జాగ్రత్త. బడికి 1000 అడుగుల లోపు తూటాలు నింపిన పిస్తోలుతో వెళ్లకూడదని ఫెడరల్ చట్టం, ఆ రాష్ట్రం లైసెన్సు చేతిలో ఉన్నవాళ్లకే మినహాయింపు. "బ్యాగులో పడేసుకో" అనే ఆయన్ని, ముందు మీ వీసా కాగితం తీసి ఒక్కసారి చదవమనండి.