తుపాకీకి పవిత్రత ఎక్కడిది?

తెర మీద తప్ప ఎక్కడా లేని ఒక తుపాకీ కాస్త నెమ్మదిగా పేలుతోందని, దాన్ని మార్చిన మనిషిని చంపుతామని బెదిరించారు. నమ్మబుద్ధి కావడం లేదా? 2013 జులైలో ట్రేయార్క్ కంపెనీ ‘కాల్ ఆఫ్ డ్యూటీ: బ్లాక్ ఆప్స్ 2’ అనే వీడియో గేమ్‌లో కొన్ని తుపాకుల లెక్కలు సవరించింది. డీఎస్ఆర్ 50 అనే స్నైపర్ రైఫిల్‌కు తూటాకూ తూటాకూ మధ్య వ్యవధి 0.2 సెకన్ల నుంచి 0.4కు పెరిగింది. బాలిస్టా అనే మరో రైఫిల్‌కు 1.0 నుంచి 1.1కు. రెప్పపాటు కూడా కాదు. ఆ మార్పులకు బాధ్యుడైన డిజైనర్ డేవిడ్ వాండర్‌హార్‌కు చంపుతామంటూ సందేశాలు వచ్చాయి.

ఎవరో నలుగురు కుర్రాళ్ల పిచ్చిలే అని దీన్ని కొట్టిపారేయడం నాకిష్టం లేదు. బెదిరించింది కొందరే కావచ్చు. కానీ వాళ్ల వెనక ఉన్న వాదన చాలామందిది. ‘ఇది మొదటి నుంచీ ఇలాగే ఉంది, కాబట్టి ఇలాగే ఉండాలి’ అన్నదే ఆ వాదన. ఇందులో కారణం ఎక్కడుంది? వయసు తప్ప మరేమీ కనపడదు. ఈ వాదనను పరీక్షించడానికి ‘హేలో’ పిస్టల్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు.

‘హేలో’ మొదటి ఆట 2001 నవంబరులో ఎక్స్‌బాక్స్ కోసం వచ్చింది. తయారుచేసింది బంగీ. 26వ శతాబ్దంలో మనుషులకీ గ్రహాంతరవాసులకీ జరిగే యుద్ధం ఇతివృత్తం. అందులో ఒక చిన్న పిస్టల్ ఉంది. మేగజైన్‌లో 12 తూటాలు, దూరంగా ఉన్నదాన్ని రెండింతలు పెద్దదిగా చూపే స్కోప్. గురి కుదిరితే మూడు తూటాలతో ఎదుటి ఆటగాడు కూలిపోతాడు. పక్కనే 60 తూటాల అసాల్ట్ రైఫిల్ ఉన్నా, చేయి తిరిగినవాళ్లు దాన్ని పక్కనపెట్టి పిస్టలే పట్టుకునేవాళ్లు. ఆ ఆట నేనూ ఆడాను, ఆ పిస్టల్ నాకూ ఇష్టమే. కానీ నా ఇష్టం అది సరిగ్గా ఉందనడానికి రుజువు కాదు కదా!

ఆలోచించండి. ఒక ఆటలో పది ఆయుధాలున్నాయనుకుందాం. దగ్గర్లోనూ దూరంలోనూ ఒక్కటే పనికొస్తే మిగతా తొమ్మిది దేనికి? అలంకారానికా? ఎప్పుడు ఏది ఎంచుకోవాలి అన్న ఆలోచనలోనే ఆట ఉంది. ఆలోచించే అవసరమే లేకుండా చేసే ఆయుధం ఎంత ముద్దొచ్చినా ఆటకు చేటే. అందుకే మార్చాలనుకోవడం సరైన నిర్ణయమని నా వాదన.

‘మరి మార్చి నాశనం చేశారుగా?’ అంటారు. ఈ మాటలో కొంత నిజముంది. 2004 నవంబరులో వచ్చిన ‘హేలో 2’లో పిస్టల్‌కు స్కోప్ తీసేశారు, దెబ్బ తగ్గించారు, రెండు చేతుల్లో రెండు ఆయుధాలు పట్టే సౌకర్యం ఇచ్చారు. ఫలితం? దాన్ని కోరి పట్టుకునేవాళ్లు కరువయ్యారు. పాత పిస్టల్ సింహాసనం మీద బ్యాటిల్ రైఫిల్ వచ్చి కూర్చుంది. జబ్బు అలాగే ఉంది, రోగి మాత్రం మారాడు. అయితే దీన్నుంచి తేలేది ఏమిటి? మూడు నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏ మార్పు ఏం చేసిందో తెలియదన్నది తేలుతుంది. అసలు మార్చకూడదని మాత్రం తేలదు.

మార్చడం ఎలాగో అదే బంగీ చేసి చూపించింది. ఆ సంస్థ డిజైనర్ జేమీ గ్రీజ్‌మర్ 2010లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఒక ప్రసంగం చేశారు. విషయం: ‘హేలో 3’ స్నైపర్ రైఫిల్‌లో తూటాల మధ్య వ్యవధిని 0.5 సెకన్ల నుంచి 0.7కు మార్చడం. ఒక్క అంకె మీద ఒక ప్రసంగం! కొందరికి నవ్వొస్తుంది. నాకు గౌరవం కలుగుతుంది.

లెక్క చూడండి. ఆ రైఫిల్ మేగజైన్‌లో ఉండేవి నాలుగు తూటాలు. మొదటి దానికీ నాలుగో దానికీ మధ్య మూడు విరామాలు. పాత లెక్కన 1.5 సెకన్లు, కొత్త లెక్కన 2.1. దూరం నుంచి కాల్చేవాడు మళ్లీ గురి చూసుకోవాలి కాబట్టి ఈ తేడా వాడికి పెద్దగా తగలదు. ఎదురెదురుగా వచ్చి ఇష్టం వచ్చినట్టు కాల్చేవాడికి మాత్రం ప్రాణసంకటం. స్నైపర్ రైఫిల్ ఉన్నది దూరం కోసం. దాని పనిలో దాన్ని బలంగానే ఉంచి, దానిది కాని పనిలో కాళ్లకు బంధం వేశారు. దెబ్బ తగ్గించలేదు, స్కోప్ తీయలేదు. ‘ఇది ఉన్నది దేనికి?’ అని అడిగినవాడికే ఇలాంటి మార్పు తడుతుంది. ‘ఇది ఎప్పటిది?’ అని అడిగేవాడికి తట్టదు.

చివరి వాదన ఒకటి మిగిలింది: ‘మా జ్ఞాపకాలను చెరిపేస్తున్నారు’. ఎవరు చెరిపారు? 2014లో వచ్చిన ‘మాస్టర్ చీఫ్ కలెక్షన్’లో మొదటి ఆట పాత పిస్టల్‌తో సహా ఉంది. కావలసినవాళ్లు ఆడుకోవచ్చు. అది చాలదు, కొత్తగా వచ్చే ప్రతి ఆటా మా జ్ఞాపకానికి మొక్కాలి అనడం ప్రేమ అనిపించుకోదు, పెత్తనం అనిపించుకుంటుంది.

కంపెనీలకూ ఒక మాట. ఆయుధాన్ని మార్చినప్పుడు పాత అంకె, కొత్త అంకె, కారణం మూడూ బయటపెట్టండి. ‘మాకు తెలుసు, మీరు ఆడండి చాలు’ అనే ధోరణి కూడా గుడ్డినమ్మకాన్ని అడగడమే. ఆటగాళ్లు అంకెలను అంకెలతో ఎదుర్కోవాలి. 0.4 ఎక్కువైందా? ఎక్కడ, ఎవరితో, ఎంత దూరంలో ఎక్కువైందో చూపించండి. అది చేతకాక చంపుతామని రాసేవాడు తన దగ్గర వాదన లేదని తనే సంతకం పెట్టి ఇస్తున్నాడు.