కుజుడి ఫిరంగి – మన నల్లబల్ల



“కథలో లెక్కలేమిటి మాస్టారూ! చదివి ఆనందించాలి గాని, అంకెలు వేస్తే కథ చప్పబడిపోదూ?” అని నాతో చాలామంది అంటూంటారు. ఈ మాటకు నేను ఒప్పుకోను. ఎందుకో చెబుతాను, వినండి.

హెచ్. జి. వెల్స్ అనే ఇంగ్లీషు రచయిత రాసిన ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ నవల 1898లో పుస్తకంగా వచ్చింది. ఆయన కూడా మొదట్లో సైన్సు మాస్టరే. ఈ నవలలో కుజగ్రహవాసులు ఒక పెద్ద ఫిరంగితో వరసగా పది రాత్రులు, రాత్రికొకటి చొప్పున పది స్తూపాలను భూమి మీదికి పేలుస్తారు. పేలుడుకూ పేలుడుకూ మధ్య వ్యవధి సరిగ్గా 24 గంటలు, మహా అయితే ఒక సెకను తక్కువ. ఆ స్తూపాలు ఇంగ్లండులో లండన్ చుట్టుపక్కల పడతాయి. వాటిలోంచి దిగినవాళ్ళు మూడు కాళ్ళ యంత్రాలెక్కి ఊళ్ళను తగలబెడతారు.

ఈ కథ మా తొమ్మిదో తరగతిలో చెబుతూంటే ఒక అమ్మాయి లేచి, “మాస్టారూ, భూమి తిరుగుతూ ఉంటుంది గదా! అన్నీ లండన్ దగ్గరే ఎలా పడ్డాయండీ? ఒక్కటైనా మన ఊళ్ళో పడకూడదా?” అంది. తరగతంతా నవ్వింది. “కూర్చో” అనబోయి ఆగాను. అడిగిన ప్రశ్నలో తప్పేముంది? సుద్దముక్క తీసుకుని అందరం లెక్కకు దిగాం.

భూమి తనచుట్టూ తాను దాదాపు 24 గంటలకొకసారి తిరుగుతుంది. కనుక 24 గంటల తేడాతో బయలుదేరిన స్తూపాలు అంతే తేడాతో వచ్చి చేరితే, ప్రతిసారీ భూమి ఇంచుమించు అదే ముఖం చూపిస్తుంది. అంటే లండన్ దగ్గర పడటం సబబే. అమ్మాయి సందేహం తీరింది. వెల్స్ గారికి మార్కులు వేశాం.

అంతలో వెనక బల్ల నుంచి ఇంకొక ప్రశ్న వచ్చింది. “మరి కుజుడు కూడా తిరుగుతాడు గదండీ?”

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కుజుడు ఒక చుట్టు తిరగడానికి 24 గంటల 37 నిమిషాలు పడుతుంది. 24 గంటలు గడిచేసరికి కుజుడి మీది ఫిరంగి మొదటి చోటికి ఇంకా రాదు. 37 నిమిషాల ప్రయాణం, అంటే 9 డిగ్రీలు, వెనకబడి ఉంటుంది. మర్నాడు 18 డిగ్రీలు. పదో పేలుడు నాటికి తొమ్మిది తొమ్ముల 81 డిగ్రీలు! మొదటి రాత్రి భూమికేసి గురిపెట్టిన గొట్టం పదో రాత్రి దాదాపు లంబకోణం పక్కకు తిరిగి ఉంటుంది. నవలలో ఫిరంగి మాత్రం ఒక్కటే!

దీనికి మందు కూడా పిల్లలే కనిపెట్టారు. కుజుడి మధ్యరేఖ వెంబడి, తూర్పుగా, 9 డిగ్రీలకొకటి చొప్పున పది ఫిరంగులు పాతాలి. కుజుడి చుట్టుకొలత సుమారు 21,300 కిలోమీటర్లు. కనుక ఫిరంగికీ ఫిరంగికీ మధ్య దూరం సుమారు 530 కిలోమీటర్లు. ఆ గంటలో మా తరగతి ఒక గ్రహం మీద దండయాత్రకు ఏర్పాట్లు చేసింది!

ఇక సరఫరా సంగతి చూడండి. కుజుడు, భూమి దగ్గరగా వచ్చేది సుమారు 26 నెలలకొకసారి. దారి కూడా చిన్నదేమీ కాదు. మన మంగళయాన్ 2013 నవంబరు 5న బయలుదేరి, 2014 సెప్టెంబరు 24న గాని కుజుణ్ణి చేరలేదు. అంటే ఆ పది స్తూపాల్లో వచ్చినవాళ్ళకు ఒక మర విరిగినా, తిండి అయిపోయినా ఇంటినుంచి సాయం రావడానికి రెండేళ్ళు దాటుతుంది. వెల్స్ దీన్ని మరచిపోలేదు. అందుకే ఆయన కుజవాసులు ఇక్కడి బంకమట్టినుంచే అల్యూమినియం తీస్తారు. మనుషుల రక్తాన్నే ఆహారంగా తీసుకుంటారు. అన్నీ ఆలోచించుకుని వచ్చినవాళ్ళు ఒక్క సూక్ష్మజీవుల సంగతి ఆలోచించలేదు. ఆ లోటే వాళ్ళ ప్రాణం తీసింది.

ఇప్పుడు చెప్పండి, లెక్క వేస్తే కథ చప్పబడిందా? నాకైతే ముగింపు ఇంకా బాగా అర్థమైంది.

ఇది కాలక్షేపం మాత్రమే కాదు. 1938 అక్టోబరు 30న అమెరికాలో ఆర్సన్ వెల్స్ అనే నటుడు ఇదే కథను రేడియోలో వార్తల ధోరణిలో వినిపించాడు. నాటకమని తెలియక కొందరు నిజంగా హడలిపోయారు. పత్రికలు ఆ భయాన్ని మరింత పెద్దదిగా చేసి రాశాయి. అయితే ఆ కార్యక్రమం నిడివి మొత్తం ఒక గంట. అందులోనే కుజుడి మీద పేలుళ్ళు కనిపించడం, వాళ్ళు భూమి మీద దిగడం రెండూ జరిగిపోయాయి! కుజుడు ఎంత దగ్గరగా వచ్చినా సుమారు 5 కోట్ల 50 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. దాన్ని గంటలోని 3,600 సెకన్లతో భాగించండి. సెకనుకు 15,000 కిలోమీటర్లకు పైమాటే! మనిషి చేసిన ఏ రాకెట్టూ ఆ వేగానికి దరిదాపుల్లో కూడా లేదు. కాగితమూ పెన్సిలూ ఉన్నవాడికి ఆ రాత్రి ఆ ఒక్క భాగహారమే ధైర్యం చెప్పి ఉండేది.

ఇవాళ మీ ఇంటికి వచ్చే వింత వార్తలకు రేడియో కూడా అక్కరలేదు, సెల్‌ఫోను చాలు. వార్త వినగానే “ఎంత దూరం? ఎంత సేపు? ఎంత బరువు?” అని అడగండి. అలా అడిగేవాణ్ణి భయపెట్టడం కష్టం. అందుకే నవల చదివే పిల్లవాడి చేతిలోంచి పుస్తకం లాక్కోకండని తోటి ఉపాధ్యాయులకు మనవి చేస్తున్నాను. పక్కనే ఒక తెల్లకాగితం పెట్టండి, చాలు.

చివరగా మీకొక లెక్క. కుజుణ్ణి వదలి పోవాలంటే సెకనుకు 5 కిలోమీటర్ల వేగం కావాలి. ఫిరంగి గొట్టం పొడవు ఒక కిలోమీటరు అనుకోండి. గొట్టంలో త్వరణం ఎంత? లోపల కూర్చున్నవాళ్ళు ప్రాణాలతో మిగులుతారా? మీరే తేల్చండి.