కాలేజీ వ్యాసానికి ప్రయోజనం అక్కరలేదా?

కథకూ కవితకూ ప్రయోజనం ఉండాలా అని మనం దశాబ్దాల తరబడి వాదించుకున్నాం. కాని ఏటా వేలాది యువతీయువకులు కాలేజీలలో వ్రాసే వ్యాసానికి ప్రయోజనం ఏమిటని అడిగినవారు అరుదు. అది పరీక్ష కాగితమట. దిద్ది, కట్ట కట్టి, చివరకు తూకానికి వేసేదట. ఈ నిర్లక్ష్యం ఫలితాన్ని తెలుగు అధ్యాపకుడిగా నేను ప్రతి సంవత్సరం చూస్తున్నాను.

మా కుల్కచర్ల చుట్టుపట్ల పల్లెల నుండి, పరిగి నుండి, తాండూరు వైపు నుండి వచ్చే పిల్లలు నా తరగతిలో కూర్చుంటారు. "పర్యావరణ పరిరక్షణ" మీద వ్యాసం వ్రాయమంటే, ప్రకృతి తల్లి వంటిదని మొదలుపెట్టి, ఓజోను పొర మీదుగా పోయి, అందరం చెట్లు నాటుదామని ముగిస్తారు. మా జిల్లాలోనే, పూడూరు మండలం దామగుండం అడవిలో, సుమారు 2,900 ఎకరాలలో తలపెట్టిన నౌకాదళ రాడార్ కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. దేశరక్షణకు అది తప్పదన్నవారున్నారు. అడవి పోతుంది, మూసీ పుట్టే ప్రాంతానికి ముప్పు వస్తుందని ఎదిరించినవారున్నారు. ఈ మాట మా పిల్లల ఇళ్ళలో నడిచింది, బస్సులలో నడిచింది. వ్యాసంలో మాత్రం అడుగు పెట్టలేదు. ఎక్కడో ఆకాశంలోని ఓజోను పొర కనిపించినవాడికి దామగుండం తెలియదని నేననుకోను. దాని గురించి వ్యాసంలో వ్రాయవచ్చునని వాడికి ఎవరూ చెప్పలేదు.

దీనికి కొందరు పెద్దలు చెప్పే సమాధానం ఉంది. విద్యార్థికి నేర్పవలసింది రూపమే: ఉపోద్ఘాతం, విషయ విస్తరణ, ఉపసంహారం. ప్రయోజనం వయసుతో అదే వస్తుంది. ఈ వాదం వినడానికి ఎంత నెమ్మదిగా ఉందో అంత హాని చేస్తున్నది. ఉపోద్ఘాతం ఎవరిని ఏ మాట దగ్గరకు తీసుకుపోవాలో నిర్ణయించకుండా దాన్ని ఎలా వ్రాయటం? మూడేళ్ళు ఏమీ చెప్పకుండా పేజీలు నింపటం అలవాటైన చేతికి నాలుగో ఏట చెప్పవలసిన మాట ఎక్కడినుండి ఊడిపడుతుంది?

కాలేజీ వ్యాసం అంత అల్పవిషయమే అయితే గురజాడ అప్పారావు తన చివరి రోజులను దానికోసం ఎందుకు వెచ్చించారు? విద్యార్థులు తెలుగు వ్యాసాలు ఏ భాషలో వ్రాయాలన్న విషయంపై మద్రాసు విశ్వవిద్యాలయం ఉపసంఘాన్ని వేస్తే, గ్రాంథికం వైపు మొగ్గిన దాని నివేదికతో విభేదించి ఆయన 1914లో ఇంగ్లీషులో సుదీర్ఘమైన అసమ్మతి పత్రం సమర్పించారు. ఆ పత్రం ఎవరిని ఒప్పించాలి, ఏది నిరూపించాలి, ఏది నిరాకరించాలి, అన్నీ ఆయనకు స్పష్టం. అప్పటికి గ్రాంథికమే గెలిచింది. మరుసటి సంవత్సరమే ఆయన కన్నుమూశారు. నేడు మా పిల్లలు వాడుక భాషలోనే వ్రాస్తున్నారు. చిత్రమేమంటే, అంత పోరాడి సంపాదించిన భాషలో వాళ్ళు గైడు పుస్తకం మాటలు వ్రాస్తున్నారు.

నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో "గోలకొండ కవుల సంచిక" తెచ్చారు. అందులోని పద్యాలన్నీ గొప్పవని నేననను. కాని ఆ సంచిక ఎవరికి జవాబో, దేనికి జవాబో తెలియనివాడు లేడు.

ఇక మనవాళ్ళ సంగతి. ప్రయోజనం అనగానే మనలో కొందరికి నినాదం గుర్తుకు వస్తుంది. అంశం వరకట్నమైనా, వరదలైనా, చివర "సమసమాజ స్థాపనకు నడుం కట్టాలి" అని ఒక వాక్యం తగిలిస్తే వ్యాసం అభ్యుదయమైపోయిందని సంతృప్తి. ఇదీ గైడు వాక్యమే, రంగు మారింది, అంతే. విద్యార్థి ఏ పక్షం వహించాలో చెప్పటం నా పని కాదు. రాడార్ కేంద్రం కావాలని ఒకడు గట్టిగా వాదిస్తే వాడికి మంచి మార్కులే వేస్తాను. నేనడిగేది ఒకటే: వ్యాసం మొదలుపెట్టే ముందు తాను చెప్పదలచినదాన్ని ఒక్క వాక్యంలో వ్రాసుకోవాలి, ఆ వాక్యాన్ని కాదనేవాడు ఒకడైనా ఉండాలి.

"రైతు దేశానికి వెన్నెముక" అని ఒక విద్యార్థిని వ్యాసం మొదలుపెట్టింది. దీన్ని ఎవరు కాదంటారమ్మా అని అడిగాను. "ఎవ్వరూ అనరు సార్" అంది. మరి ఎవరికోసం వ్రాస్తున్నట్టు? వారం తరువాత తెచ్చిన కాగితంలో మొదటి వాక్యం ఇది: తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మా నాయన కందులు మాత్రం పేరులేని బస్తాలోనే యార్డుకు పోతున్నాయి. గుర్తింపు మేలు పండించినవాడికి అందటం లేదని ఆమె వాదం. సరుకు మంచిదైతే ధర అదే వస్తుందనే అడ్తిదారు దాన్ని కాదంటాడు. కనుక ఆమె నిరూపించవలసి వచ్చింది. తండ్రి దాచిన తక్‌పట్టీలు వెదికింది, దడువాయిని అడిగింది, గుర్తింపు పేరు వాడుకోవటానికి రైతు ఎక్కడ నమోదు కావాలో కనుక్కుంది. మొదటి ప్రతిలోని "అన్నదాత", "పాడిపంటలు" ఏమైనాయని అడిగితే, వాటికి చోటు లేకపోయిందంది. భాషాదోషాలు అక్కడక్కడా ఉన్నాయి. అవి దిద్దటానికి నాకు పది నిమిషాలు పట్టింది.

ఇలాంటి వ్యాసం పరీక్షలో నెగ్గుతుందా అన్న అనుమానం న్యాయమైనదే. దిద్దే చేతికి గైడు వాక్యం పరిచితమైనది, చల్లగా సాగిపోతుంది. తాండూరు యార్డు బస్తా అడ్డు తగులుతుంది. అందుచేత తప్పంతా పిల్లలమీద వేయటం అన్యాయం. అమెరికా చదువులకు దరఖాస్తు పెట్టేవారు తమ ఉద్దేశ్యాన్ని తెలిపే వ్యాసం ఒకటి పంపాలి. దాన్ని కూడా డబ్బిచ్చి హైదరాబాదు కన్సల్టెన్సీల చేత వ్రాయించుకునేవారున్నారు. తన ఉద్దేశ్యాన్ని తానే చెప్పుకోవటం మన తరగతి గది ఏనాడు నేర్పింది గనుక?

ప్రశ్నపత్రాలు తయారుచేసే మిత్రులను నేను కోరేది ఇది. "స్త్రీవిద్య", "పర్యావరణం", "వ్యవసాయం" అని ఒంటి మాటలు ఇవ్వటం మానండి. "దామగుండంలో రాడార్ కేంద్రం కట్టవచ్చునా? మీ గ్రామపెద్దను ఒప్పించేటట్టు వ్రాయండి" అని అడగండి. కట్టవచ్చునన్నవాడికీ, కూడదన్నవాడికీ ఒకే కొలతతో మార్కులు వేయండి.