ఇంటి బడి ఎవరి భద్రత కోసం?

హుస్నాబాద్‌లో మా పెద్దమ్మ కూతురు తన పదమూడేళ్ళ బిడ్డను బడి మాన్పించాలని నిర్ణయించుకుంది. "బడికి పంపితే ఏం నేర్చుకుంటదే? ఫోన్లు, పోరగాండ్ల ముచ్చట్లు. ఇంట్ల వాక్యం చదువుకుంట పెరిగితే రేపు కాలేజీల పాడుగాకుంట ఉంటది" అంది. అమెరికాలో క్రైస్తవ కుటుంబాలు ఇలాగే చదివిస్తాయని పాస్టరు చెప్పాడట. ఇంట్లో పాఠాలు, ఓపెన్ స్కూల్లో పది పరీక్ష, తర్వాత కాలేజీ. "నువ్వు ఇంట్లనే కదా బైబిల్ చదివి ఇంత దాంక పోయినవ్" అని నన్నే సాక్షిని చేసింది. సరే, ఆ సాక్ష్యమేదో నేనే చెప్తాను.

అక్క మాటలో నిజం ఉంది. బీడీలు చుడుతూ మా అమ్మ నాతో కీర్తనలు పైకి చదివించేది. తప్పు చదివితే చేటలోంచి తల ఎత్తకుండానే "మళ్ళ సదువు" అనేది. గంటల తరబడి ఒక పుస్తకం ముందు కూర్చోవడం, ఒక వాక్యాన్ని పట్టుకుని దానికి సంబంధించిన ఇంకో వాక్యం వెతకడం, నలుగురి ముందు నిలబడి చదవడం నాకు ఇంట్లోనే వచ్చాయి. సాహిత్యంలో పరిశోధన చేస్తున్నప్పుడు ఆ అలవాటే నన్ను నిలబెట్టింది. అమ్మ రుణం నేను తీర్చుకోలేను.

కానీ కాలేజీలో మొదటి ఏడాది నేను నోరు తెరవలేదు. "నువ్వేమనుకుంటున్నావ్?" అని లెక్చరర్ అడిగితే పుస్తకంలో ఏముందో చెప్పేదాన్ని. నేనేమనుకుంటున్నానో అంతవరకూ నన్నెవరూ అడగలేదు. ఒక రాత్రి హాస్టల్లో నా రూమ్మేట్‌కి రూతు కథ చెప్పాను. అత్త నయోమిని విడవని ఆదర్శ కోడలిగా మా సండేస్కూల్లో చెప్పిన కథ. బైబిల్ ఎన్నడూ ముట్టని ఆ పోచమ్మ భక్తురాలు అంతా విని, "మరి రూతు వాళ్ళమ్మ ఏమైంది?" అంది. నా దగ్గర జవాబు లేదు. మళ్ళీ తెరిచి చూస్తే, మొదటి అధ్యాయంలోనే నయోమి కోడళ్ళిద్దరినీ తల్లుల ఇళ్ళకు తిరిగి వెళ్ళమంటుంది. కంఠతా వచ్చిన అధ్యాయంలో ఒక తల్లి ఇల్లు ఉందని నాకు తెలియలేదు. చదవడం ఇల్లు నేర్పింది. ఆ ప్రశ్న మాత్రం మా ఇంటిది కాని అమ్మాయి నుంచే వచ్చింది. ఇంటి బడి దూరం పెట్టాలనుకుంటున్నది సరిగ్గా ఆ అమ్మాయినే.

పాస్టరు చెప్పిన అమెరికానే చూద్దాం. అక్కడ ఇంటి చదువు హక్కుల కోసం 1983లో సంఘం పెట్టిన మైకేల్ ఫారిస్, ముఖ్యంగా ఇంట్లో చదివిన క్రైస్తవ పిల్లల కోసం 2000లో వర్జీనియాలో పాట్రిక్ హెన్రీ కాలేజీని స్థాపించాడు. ఇంటి చదువు పిల్లల్ని కాలేజీకి అంత బాగా సిద్ధం చేస్తే, వాళ్ళ కోసం ఇంటిలాంటి కాలేజీ కట్టాల్సిన అవసరం ఎందుకొచ్చింది?

పండిత రమాబాయిని చూపించి వాదించేవాళ్ళూ ఉంటారు. నిజమే, ఆమెకు సంస్కృతం నేర్పింది తల్లిదండ్రులే. అయితే ఆ కుటుంబం పురాణాలు చెప్పుకుంటూ దేశమంతా తిరిగింది. ఆమె చదువుకు గోడల్లేవు. 1878లో కలకత్తా పండితుల సభ ముందు నిలబడే ఆమె బిరుదులు పొందింది. 1883లో ఇంగ్లండులో బాప్తిస్మం తీసుకున్నాక కూడా, తనకు మతం నేర్పిన సన్యాసినులతో ఉత్తరాల్లో వాదిస్తూనే ఉంది. విశ్వాసం తీసుకుంది కానీ తన మనస్సాక్షిని ఎవరి చేతుల్లోనూ పెట్టలేదు.

మన నేలకొద్దాం. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చిన మమ్మల్ని 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీలుగా గుర్తించదు. మాకు మిగిలింది బీసీ-సీ కింద ఒక్క శాతం. అడ్మిషన్‌కో, స్కాలర్‌షిప్‌కో వెళ్తే బోనఫైడ్లు, టీసీలు అడుగుతారు. మా పిల్లలకు బడి రిజిస్టరులో పేరుండటం చిన్న విషయం కాదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు చదువు హక్కని 2009 చట్టం చెప్పింది. ఆ హక్కు పిల్లది, తల్లిదండ్రులది కాదు.

ఇంతకీ ఇంట్లో పాఠం చెప్పేదెవరు? మా అక్కే. పొద్దున వంట, పగలు మిషన్ కుట్టడం, వాటి నడుమ లెక్కలు, సైన్సు. అక్క అలిసిపోయిన రోజు అంట్లు తోమేదెవరో చెప్పనక్కర్లేదు. ఆడపిల్ల ఇంట్లో ఉంటే చదువు కన్నా ముందు పని వచ్చి కూర్చుంటుంది. అన్నిటికన్నా నన్ను మండించిన విషయం ఇంకోటుంది. పదకొండేళ్ళ కొడుకు మాత్రం కరీంనగర్లో ఇంగ్లీషు మీడియం హాస్టల్లో ఉన్నాడు! ఫోన్లు, చెడు సావాసాలు వాడిని ఏమీ చెయ్యవా? లోకం చెడ్డదైతే ఇద్దరికీ చెడ్డది కావాలి కదా. బిడ్డను మాత్రమే దాచిపెట్టే ఈ భద్రతకు క్రైస్తవం పేరు పెట్టారు గానీ, మన పల్లెల్లో అన్ని మతాల ఇళ్ళలోనూ ఇది పాత కాపలానే. క్రీస్తు పాదాల దగ్గర కూర్చుని వింటున్న మరియను వంటింటికి పంపమని మార్త అడిగితే ఆయన ఒప్పుకోలేదని అక్కకు గుర్తు చేశాను. అక్క నవ్వలేదు.

1972లో అమెరికా సుప్రీంకోర్టు, ఎనిమిదో తరగతి తర్వాత పిల్లల్ని బడి మాన్పించే హక్కు ఆమిష్ క్రైస్తవ తల్లిదండ్రులకు ఉందని తీర్పిచ్చింది. జస్టిస్ డగ్లస్ ఒక్కడు పాక్షికంగా విభేదించి, పిల్లల అభిప్రాయం కూడా వినాలన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత హుస్నాబాద్‌లో ఒక వరండాలో నేను ఆ పనే చేశాను. అంతవరకూ తలుపు చాటునే నిలబడ్డ పిల్లను పిలిచి, "నీకేమనిపిస్తుందిరా?" అని అడిగాను. అది వాళ్ళమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది. "గీ ముచ్చట నన్నెవ్వరు అడగలే చిన్నమ్మా" అంది.

ఆ పిల్లకు నేను వాక్యం వద్దనడం లేదు. వాళ్ళమ్మ దగ్గర సాయంత్రం కీర్తనలు చదువుకోనివ్వండి. పొద్దున మాత్రం బడికి పోనివ్వండి.