వాగ్దానపు చీటీ

డిసెంబరు 31 రాత్రి పన్నెండు కొట్టేముందు మా చర్చిలో లైట్లు ఆర్పేస్తారు. అందరం మోకాళ్ల మీద ఉంటాం. గంట కొట్టగానే లైట్లు వెలుగుతాయి, కేకు కోస్తారు, "హ్యాపీ న్యూ ఇయర్ అన్నా", "వందనాలు అక్కా" అనుకుంటాం. అసలు ఘట్టం ఆ తర్వాతే. స్టీలు పళ్లెంలో వాగ్దానపు చీటీలు బోర్లించి పెట్టుకుని పాస్టరమ్మగారు వరసల మధ్య తిరుగుతారు. తలా ఒకటి తీసుకోవాలి. ఆ ఏడాదికి దేవుడు మనతో చెప్పదలచిన మాట అందులో ఉంటుందని నమ్మకం.

చీటీ తిప్పి చూసుకునేటప్పుడు మా యూత్ వరసలో మొహాలు చూడాలి. గ్రూప్-2 రాసేవాడికి 'హెచ్చించుట' అన్న మాట కనబడితే చాలు, ర్యాంకు వచ్చేసినట్టే. వీసా కోసం చూస్తున్న అమ్మాయికి 'తలుపు' అని వస్తే అది అమెరికా కాన్సులేటు తలుపే. పెళ్లి కుదరని అన్నకు ఏ వచనం వచ్చినా అందులో ఒక తోడు కనపడుతుంది. నవ్వుతున్నానని అనుకోకండి, నేనూ ఆ వరసలోనే కూర్చుంటాను. బీటెక్ అయిపోయి ఐదేళ్లు. బ్యాంకు పరీక్షల్లో మూడుసార్లు మెయిన్స్ దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. మొన్న నా చీటీలో వచ్చిన మాటను ఐబీపీఎస్ నోటిఫికేషన్‌కు ఎలా అతికించాలా అని ఆలోచిస్తుంటే వెనక నుంచి ఎవరో భుజం తట్టారు.

మా చర్చి ఊడ్చే పెద్దమ్మ. ఆమెకు చదువు రాదు. "నాకేమొచ్చిందో సదువు అబ్బాయా" అని తన చీటీ చేతికిచ్చింది. చదివాను. శ్రద్ధగా విని, కళ్లు మూసుకుని ఆమెన్ అంది. తర్వాత హాలంతా ఒకసారి చూసి, "రేపు పొద్దుటికి ఇయ్యన్నీ కిందే పడుంటాయి. ఊడ్చేటప్పుడు దేవుడి మాట తొక్కుతానేమోనని బయ్యం" అంది.

అది వేళాకోళమో, నిజంగా భయమో నాకు తెలియలేదు. తెల్లారి వెళ్లి చూశాను. బెంచీల కింద నలభై దాకా చీటీలున్నాయి. ఆమె ఒక్కొక్కటీ చేత్తో ఏరి, కానుకల పెట్టె మీద దొంతర పెట్టి, ఆ తర్వాతే చీపురు పట్టింది.

ఆమెకు చర్చి ఇచ్చే జీతం నెలకు 1,500. పదకొండేళ్లలో ఒక్కసారి పెరిగింది, వెయ్యి నుంచి. హాలు ఊడవడం, జంపఖానాలు పరచడం, బాత్‌రూములు కడగడం, పండగలకు ఎంగిలాకులు ఎత్తడం ఆమె పనులు. పోయిన ఏడాది మేం కొత్త సౌండ్ సిస్టమ్ కొన్నాం. 4 లక్షల 20 వేలు. ఇంటింటికీ తిరిగి చందాలు పోగు చేసింది నేనే. ఆ డబ్బు పెద్దమ్మకు ఇరవై మూడేళ్ల జీతమని ఆ రోజు తెల్లవారుజామున బెంచీ మీద కూర్చుని లెక్క కడితే గానీ నాకు తట్టలేదు. సంఘం పేరు గానీ, పెద్దల పేర్లు గానీ చెప్పను. చెబితే తప్పు వాళ్లదే అయిపోతుంది, నేను తప్పించుకుంటాను.

మన కూడికల్లో ఎక్కువగా వినపడే మాట 'దేవుని చిత్తం'. నా జీవితంలో దేవుని చిత్తం ఏమిటి, నా పిలుపు ఏమిటి, నన్ను ఎక్కడికి నడిపిస్తున్నాడు. అన్నింటిలోనూ 'నా' ఉంది. సాక్ష్యాల ఆదివారం నాడు మైకు దగ్గరకు వచ్చేవాళ్లు చెప్పేవి కూడా అవే: ఉద్యోగం, పరీక్ష, ఆపరేషన్, ఇల్లు, కారు. వాటికి కృతజ్ఞత చెప్పడం తప్పు కాదు. మా అమ్మ ఆపరేషన్ అయినప్పుడు నేనూ ఏడుస్తూ చెప్పాను. కానీ ఇన్నేళ్లలో ఒక్కరైనా లేచి, "మన వీధి చివర ఫలానా అన్యాయం జరుగుతుంటే మనమంతా కలిసి ఆపాం, దేవునికి స్తోత్రం" అన్నది నేను వినలేదు.

మాది ఒంగోలు. దారి చూపమని ప్రార్థించిన వాళ్ల కథ ఒకటి ఈ ఊళ్లోనే జరిగింది. సండే స్కూల్లో అందరం విన్నాం, విని మర్చిపోయాం. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ భార్యతో ఒంగోలు వచ్చాడు. అప్పటికే తాళ్లకొండపాడు నుంచి ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద విశ్వాసంలోకి వచ్చి ఉన్నాడు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరుగుతూ, యోగసాధనలో ఏళ్ల తరబడి దేవుణ్ణి వెతికినవాడు. ఆయన వెనక ఆయన జనం వస్తున్నారు. ఇటు అగ్రకులాల వాళ్లు కొందరు క్లౌ దగ్గరకొచ్చి, వాళ్లను చేర్చుకుంటే మేం రాము అని తేల్చేశారు. ఊరంతా తన వైపు ఉండాలా, పేరయ్య వాళ్లు ఉండాలా?

ఆ రోజు క్లౌ తన గదిలో చేతికందిన బైబిలు తెరిచాడట. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం, లోకం చిన్నచూపు చూసినవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడని చెప్పే చోటు వచ్చింది. పక్క గదిలో ఆయన భార్యకు, ఈయన సంగతి తెలియకుండానే, అదే చోటు తెరుచుకుందట. ఒక విధంగా అదీ వాగ్దానపు చీటీ లాంటిదే. బైబిలు యథాలాపంగా తెరిచి జవాబు వెతకడం మీద నాకు పెద్ద గురి లేదు, ఆ మాట ఇక్కడే ఒప్పుకుంటాను. నన్ను పట్టేసింది వేరే సంగతి. వాళ్లకు వచ్చిన జవాబులో వాళ్ల భవిష్యత్తు గురించి ఒక్క ముక్క లేదు. గుమ్మం బయట నిలబడ్డవాళ్ల గురించి ఉంది.

1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. కొత్త సంవత్సరం రోజే. పదేళ్లకు ధాత కరువు విరుచుకుపడింది. క్లౌ కుర్రతనంలో అమెరికాలో ప్రభుత్వ సర్వేయర్ల వెంట తిరిగి గొలుసు పట్టినవాడు. మిషనరీకి ఎందుకూ పనికిరాదనుకునే ఆ విద్య ఇప్పుడు పనికొచ్చింది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని పెట్టి కూలి ఇచ్చాడు. కరువు నడుస్తున్నన్నాళ్లూ బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు. గంజి కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదని. ఉధృతం తగ్గాక, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన యూత్ మీటింగుల్లో ఈ అంకె చెప్పి చప్పట్లు కొడతాం. కాలువ సంగతి ఎవరూ ఎత్తరు. గడ్డపార పట్టిన మూడున్నర మైళ్లు లేకుండా ఆ అంకె లేదు.

పిలుపు ఇలాగే గుమ్మం బయట దొరికిన ఇంకొకాయన, కోలార్ బంగారు గనుల ఊళ్లో 1966లో తెలుగు క్రైస్తవ కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్. తండ్రీ అన్నా పాకీ పని చేసేవాళ్లు. ఆ సంగతి పిల్లవాడి దగ్గర ఇంట్లో దాచారు. పెద్దయ్యాక ఆ పని జరిగే చోటుకు తనే వెళ్లాడు. అక్కడ ఒకతని బకెట్టు గుంటలోకి జారితే, అతను చొక్కా చెయ్యి పైకి మడిచి, చెయ్యి లోపలికి పెట్టి తీస్తున్నాడు. వద్దని బతిమాలాడు. మాకు ఇంకేం పనుందని వాళ్లడిగారు. కూలబడి ఏడ్చాడు. తర్వాత 1994లో సఫాయి కర్మచారీ ఆందోళన్ మొదలుపెట్టిన వాళ్లలో ఆయన ఒకరు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, అది చాలక 2013లో ఇంకో చట్టం వచ్చాయి. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. మన వక్తలు ఆయన్ను అవార్డు దగ్గర మొదలుపెట్టి పరిచయం చేస్తారు. మొదలుపెట్టాల్సింది బకెట్టు దగ్గర. నేను పుట్టిన జనం ఇక్కడున్నారు అని ఆ గుంట పక్కన తెలుసుకోవడం కన్నా పెద్ద పిలుపు ఏ చీటీలో వస్తుంది?

ఇప్పుడు మనం గట్టిగా మాట్లాడుకోని సంగతి ఒకటి చెబుతాను. మనలో సగం మందికి పైగా బైబిల్లో రాసుకునే పేరు ఒకటి, కులం సర్టిఫికెట్లో పేరు ఒకటి. యూత్ క్యాంపులో జాన్, కాలేజీ అడ్మిషన్లో ఇంకెవరో. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు. క్రైస్తవుడినని రాయించుకుంటే మన రాష్ట్రంలో బీసీ-సి, ఒక్క శాతం. మతం మారినంత మాత్రాన ఊళ్లో మన ఇల్లు పల్లె నుంచి లేచి బజారు మధ్యకు రాలేదు. చుట్టూ చూసే చూపూ మారలేదు. 1985 జులై 17న కారంచేడులో దళితులను చంపినవాళ్లు, ఎవరు ఏ గుడికి వెళ్తారని అడిగి చంపలేదు. దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. ఆ తీర్మానం గురించి మన చర్చిలో ఒక్క ప్రార్థన అయినా జరిగిందా? సర్టిఫికెట్ మాట వస్తే తలుపు దగ్గరకేసి గుసగుసలాడుకుంటాం. ప్రతివాడూ అది తన సొంత పాపం అనుకుని, ఒంటరిగా సిగ్గుపడుతూ మోస్తున్నాడు. చట్టం అందరి మీదా పెట్టిన బరువు అది. అందరం కలిసి బల్ల మీద పెట్టి మాట్లాడుకోవలసింది.

అలాగని మనం బాధితులం మాత్రమే కాదు. పెళ్లి సంబంధాల దగ్గర చూడండి. "అబ్బాయి రక్షింపబడినవాడై ఉండాలి, ప్రార్థనాపరుడై ఉండాలి" అని మొదలుపెట్టి, చివర మెల్లగా "మనవాళ్లే అయితే బాగుంటుంది" అంటారు. 'మనవాళ్లు' అంటే ఎవరో అందరికీ తెలుసు. ఒకప్పుడు ఏ మిషన్ ఏ వాడలో ముందు అడుగు పెట్టిందో, చాలాచోట్ల ఈనాటికీ ఏ సంఘంలో ఎవరు కూర్చుంటారో దాన్నిబట్టే ఉంది. ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నెలోది తాగి వచ్చిన వాళ్లం, వియ్యం దగ్గర గిన్నెలు వేరు చేసుకుంటున్నాం. మా ఇంట్లో కూడా ఈ మాట వచ్చింది. నేను తల వంచుకుని భోజనం చేశాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఉద్యోగాల కోసం ప్రార్థన మానేయమని నేను చెప్పడం లేదు. నా హాల్ టికెట్ కూడా బైబిల్లోనే ఉంది. దారి తెలియడం లేదని మనం ఏడుస్తున్నాం కదా, ఆ ఏడుపులో ఉండగా మన పక్క నుంచి చీపురు పట్టుకుని పోతున్న మనిషిని ఒకసారి ఆపి అడగమంటున్నాను. ఆమె ఎంతకు పని చేస్తోంది, ఆమెకు ఒంట్లో ఎలా ఉంది, యాసిడ్ పోసి కడిగే చేతులకు గ్లౌజులు ఉన్నాయా. సంఘం అన్నాక అందులో ఒకరికి జరిగే అన్యాయం అందరి లెక్కలో పడుతుంది. అది పాస్టరుగారి లెక్క, పెద్దల లెక్క అని మనం తోసేస్తున్నాం. చందా పుస్తకాలు మాత్రం మన చేతుల్లోనే ఉన్నాయి. సౌండ్ బాక్సులకు తిరిగిన కాళ్లు దీనికీ తిరగగలవు.

జనవరి రెండో ఆదివారం ఒక కాగితం రాశాను. పెద్దమ్మ జీతం ఆరు వేలు చేయాలి, గ్లౌజులు, బ్రష్షులు కొనాలి, శనివారం బాత్‌రూములు యూత్ వంతులవారీగా కడగాలి. మొదటి వంతు నాది అని కూడా రాశాను. మా యూత్‌లో 34 మందిమి. ఇప్పటికి 11 సంతకాలు వచ్చాయి. "మా నాన్న సంఘ పెద్ద కదన్నా" అని ఒకడు. "అయ్యగారు నొచ్చుకుంటారేమో" అని ఇంకొకరు. ఎక్కువమంది అన్నది మాత్రం "ప్రార్థన చేసి చెబుతాం". ఆ మాటకు అర్థం చర్చికి వెళ్లే వాళ్లందరికీ తెలుసు. నేనూ ఎన్నిసార్లు అన్నానో.

మొదటి శనివారం నా వంతు చేశాను. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "అట్టా గాదు, ముందు నీళ్లు కొట్టి నాననియ్యాలి" అని బ్రష్షు లాక్కుని చూపించింది. నేలంతా అయ్యాక ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. కాగితం సంగతి ఆమె చెవిన పడింది. చాలాసేపు ఏమీ అనలేదు. లేచేటప్పుడు, "దాని వంకన నన్ను మాన్పిచ్చరు గదా అబ్బాయా?" అని అడిగింది.

మాన్పించరులే పెద్దమ్మా అనబోయాను. జేబులో కాగితం గుర్తొచ్చింది. పదకొండు సంతకాలతో ఆ మాట ఇవ్వడానికి నోరు రాలేదు.