వంటపాక వేరు, గాదె వేరు



ఈ నెల మేము కంప్యూటరును గూర్చి వ్రాస్తున్నాము. "మా పల్లెటూరి వారికి ఇదెందుకు?" అని పేజీ త్రిప్పివేయకండి. చదువుకొనే పిల్లలున్న ఇండ్లలోను, సంఘ కార్యాలయములలోను ఈనాడు పాతదో క్రొత్తదో ఒక కంప్యూటరు ఉంటున్నది. పెండ్లి ఫోటోలు, పొలము కాగితముల నకళ్లు, పిల్లల సర్టిఫికెట్లు అందులోనే దాస్తున్నాము. దాచినవి ఎక్కడ ఉన్నవో తెలియకపోతే ఏమి జరుగునో మాకు జరిగినది చెప్పెదము.

మా సంఘమునకు ఒక పాత బాప్తిస్మపు పుస్తకము ఉన్నది. కాగితము పసుపుబారినది, అంచులు పొడి అవుతున్నవి, సిరా వెలిసిపోయినది. దానిని కంప్యూటరులోనికి ఎక్కించాలని ఒక వేసవి సెలవులలో మేము, నలుగురు యౌవనస్థులు పూనుకొన్నాము. ఆ పాత గొలుసుకట్టు వ్రాతను చదవగలిగినవారు మా ఊరిలో ఒక్కరే మిగిలి ఉన్నారు. ఆయన ఎనభై దాటిన సంఘ పెద్ద. కుర్చీలో కూర్చుండి, వేలు పెట్టి ఒక్కొక్క పేరు చదివేవారు. పిల్లలు టైపు చేసేవారు. "ఈయన ఫలానావారి తాత; వీరు కరవు కాలములో పైఊరినుండి వచ్చినవారు" అని ఆయన చెప్పిన సంగతులు కూడ పేరు ప్రక్కనే వ్రాసుకొన్నాము. పనికి రెండు వేసవులు పట్టినది. మరుసటి సంవత్సరము ఆ పెద్దాయన ప్రభువునందు నిద్రించారు.

కొంతకాలమునకు కంప్యూటరు నత్తనడక నడువసాగినది. మీట నొక్కి కాఫీ త్రాగి వచ్చినా తెర తెరుచుకొనేది కాదు. పట్నములో ఒక దుకాణమునకు తీసుకొని వెళ్లాము. అక్కడి కుర్రవాడు చూచి, "మాస్టారూ, విండోస్ పాడైంది. సి డ్రైవు ఫార్మాట్ చేసి మళ్లీ వేస్తాను. మీ ఫైళ్లన్నీ డి లోనే ఉన్నాయి కదా?" అని అడిగాడు. "ఉన్నాయి బాబూ" అని మేమే చెప్పాము. సాయంత్రమునకు కంప్యూటరు చక్కగా నడిచినది. కాని తెర మీద ఎప్పుడూ కనబడే ఆ పుస్తకపు ఫోల్డరు లేదు. డి లో వెదికాము. అక్కడ పాటలు, క్రిస్మసు నాటకపు వీడియో తప్ప ఏమియు లేవు.

పిల్లలు సులువుగా దొరుకునని దానిని తెర మీదనే, అనగా డెస్క్‌టాప్ మీదనే ఉంచారు. డెస్క్‌టాప్ మీద కనబడునదంతయు సి డ్రైవులోనిదే అని మాకు అప్పటికి తెలియదు. దుకాణపు కుర్రవాని తప్పు లేదు. అతడు అడిగాడు, మేము తెలియక జవాబు చెప్పాము.

మా తమ్ముని కుమారుడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగము చేస్తున్నాడు. ఫోను చేస్తే, "పెదనాన్నా, ముందు దాన్ని ఆపేయండి. ఇంకేమీ ఎక్కించకండి. కొత్తవి రాసేకొద్దీ పాతవి చెరిగిపోతాయి" అన్నాడు. తరువాత వచ్చి కొంత వెలికి తీశాడు. పేర్లలో సగము దొరికినవి. పెద్దాయన చెప్పగా వ్రాసుకొన్న సంగతులు దొరకలేదు.

ఆ రాత్రి అతడు మాకు చెప్పిన పాఠమునే ఈ నెల మీకు చెప్పుచున్నాము. మన తాతల కాలములో తాటాకు ఇండ్లుండేవి. వంటపాకను ఇంటికి ఎడముగా వేసేవారు. ఎందుకు? ప్రతిదినము నిప్పు రాజేయునది అక్కడే. నిప్పంటుకొన్నా, కప్పు పాడై మరల నేయవలసి వచ్చినా, గాదెలోని ధాన్యమునకు, పెట్టెలోని బట్టలకు అపాయము రాకూడదు. కంప్యూటరులో విండోస్ వంటి నిర్వాహక వ్యవస్థ వంటపాక వంటిది. దినమెల్ల పని అక్కడే. వైరసు ముందు పట్టునదియు సాధారణముగా అక్కడే. కొన్ని ఏండ్లకొకసారి దానిని పడగొట్టి మరల వేయక తప్పదు. మన ఫోటోలు, వ్రాతలు గాదెలోని ధాన్యము. వంటపాక పోతే మరల వేసుకొనవచ్చును. విండోస్ ఎన్నిసార్లయినా దొరుకును. గాదె పోతే మరల రాదు.

ఇది క్రొత్త ఆలోచన కాదు. 1981లో ఐ.బి.ఎం. వారు పి.సి. అను కంప్యూటరును తెచ్చినప్పుడు దానిలో హార్డ్ డిస్కు లేదు. ఫ్లాపీలు పెట్టు అరలు ఉండేవి. వాటికి ఏ, బి అని పేర్లు. రెండు అరలున్నవారు ఏ లో పని నడిపించు ఫ్లాపీని, బి లో తమ సొంత వ్రాతల ఫ్లాపీని పెట్టుకొనేవారు. 1983లో పి.సి. ఎక్స్.టి. అను నమూనాలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కు వచ్చినది. దానికి మూడవ అక్షరము సి పెట్టారు. అప్పటినుండి వ్యవస్థయు, మన వ్రాతలును ఆ ఒక్క సి లోనే చేరుట అలవాటయినది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. మన ఇండ్లలోని పాత కంప్యూటర్లలో ఉండునది తిరిగెడు హార్డ్ డిస్కు. అందులో పళ్లెములు నిమిషమునకు 5400 లేక 7200 సార్లు తిరుగును. ఒక ముల్లు వాటిపై అటునిటు కదలి చదువును. విండోస్ తెరుచుకొనుటకు వేలకొలది చిన్న చిన్న ఫైళ్లు కావలెను. ఒక్కొక్కదాని కొరకు ముల్లు కదలి వెదకుటకు సెకనులో నూరవ వంతు మించి పట్టును. అందువలననే మనకు కాఫీ త్రాగునంత సేపు. ఎస్.ఎస్.డి. అను క్రొత్త రకములో తిరుగునది, కదలునది ఏదియు లేదు. కావలసినది అందులో సెకనులో పదివేలవ వంతు కాలములో దొరుకును. కాబట్టి వ్యవస్థ కొరకు చిన్న ఎస్.ఎస్.డి. ఒకటి వేరుగా కొని, పాత హార్డ్ డిస్కును గాదెగా ఉంచుకొనుట సామాన్య కుటుంబమునకు మంచి ఏర్పాటు. మా కంప్యూటరునకు అదే చేశాము. క్రొత్త కంప్యూటరు కొనకనే దాని నడక మారిపోయినది.

కొనువారికి నాలుగు మాటలు.

మొదటిది, పరిమాణము. విండోస్ 11కు కనీసము 64 గిగాబైట్లు కావలెనని మైక్రోసాఫ్ట్ వారు చెప్పారు. అది గుమ్మము దాటుటకే. సవరణలు వచ్చేకొద్దీ స్థలము కావలెను. 256 గిగాబైట్లు ఉంటే ఇంటి పనికి చాలును, 512 ఉంటే నిశ్చింత. ఎస్.ఎస్.డి.ని గొంతువరకు నింపరాదు. అయిదవ వంతు ఖాళీగా ఉంచితే మందగించదు. 256 అని కొన్నది తెర మీద 238 అని కనబడును. దుకాణదారుని అనుమానించవద్దు. తయారీదారులు వేయి చొప్పున లెక్కించెదరు, విండోస్ 1024 చొప్పున లెక్కించును. తేడా అంతే.

రెండవది, ఆకారము. పాత కంప్యూటర్లకు రెండున్నర అంగుళముల సాటా రకము సరిపడును. క్రొత్తవాటిలో ఎం.2 అను సన్నని పలక పట్టు గాడి ఉండును. ఆ పలకలలో సాటా, ఎన్.వి.ఎం.ఈ. అని రెండు జాతులున్నవి. చూపునకు ఒక్కలాగే ఉన్నను ఒకదాని చోట మరియొకటి పనిచేయకపోవచ్చును. మీ కంప్యూటరు నమూనా పేరు వ్రాసుకొని వెళ్లి అడిగి కొనండి. రెండవ డిస్కుకు చోటు లేని పాత లాప్‌టాప్‌లో డి.వి.డి. అర ఉంటే, దాని స్థానములో డిస్కును అమర్చు చట్రము దొరుకును.

మూడవది, అమర్చునప్పుడు జాగ్రత్త. క్రొత్త డిస్కులో విండోస్ వేయునప్పుడు కరెంటు తీసివేసి, పాత డిస్కు తీగను ఊడదీసి ప్రక్కన ఉంచమనండి. ఎదుట ఒక్క డిస్కే ఉంటే పొరపాటున రెండవదానిని చెరుపుట అనునది ఉండదు. పైగా విండోస్ తన ప్రారంభ భాగమును పాత డిస్కులో దాచుకొను ప్రమాదమును తప్పును. పని అయిన తరువాత తీగ మరల తగిలించవచ్చును.

నాలుగవది, అలవాటు మార్చుకొనుట. క్రొత్త డిస్కు పెట్టినంత మాత్రాన ఫైళ్లు వాటంతట అవి గాదెకు పోవు. 'డాక్యుమెంట్స్', 'పిక్చర్స్', 'డెస్క్‌టాప్' అను ఫోల్డర్లు మొదట సి లోనే ఉండును. ఒక్కొక్క ఫోల్డరుపై మౌసు కుడి మీట నొక్కి, 'ప్రాపర్టీస్' తెరచి, 'లొకేషన్' అను చోట 'మూవ్' నొక్కి, గాదె డిస్కులో దానికొక ఫోల్డరు చేసి చూపించండి. ఈ పని మేము ముందే చేసి ఉంటే పెద్దాయన మాటలు మాకు మిగిలి ఉండేవి.

ఇక్కడ రెండు పొరపాటు తలంపులను తీసివేయవలెను. ఒకే డిస్కును గీత గీసి సి, డి అని పంచుట వేరు. రెండు డిస్కులు ఉండుట వేరు. మా పాత కంప్యూటరులో ఉన్నవి రెండు అక్షరములే గాని డిస్కు ఒక్కటే. ఒకే పాకలో అడ్డముగా తడిక కట్టినట్లు. విండోస్ మరల వేయునప్పుడు తడిక అవతలివి మిగులును. డిస్కే చెడిపోతే రెండు ప్రక్కలును పోవును.

రెండవ తలంపు మరింత అపాయకరమైనది. డిస్కు వేరు చేశాము గనుక భద్రమే అనుకొందురు. కాదు. గాదె డిస్కు కూడ ఒకనాడు చెడిపోవును. పిడుగు పడినా, కంప్యూటరు దొంగలు ఎత్తుకొని పోయినా రెండును పోవును. రైతు విత్తనపు గింజలన్నిటిని ఒకే కుండలో ఉంచడు. అలాగే పోగొట్టుకొనలేనివాటికి రెండవ ప్రతి వేరొక డిస్కులో, వీలైతే వేరొక ఇంటిలో ఉండవలెను. దాచు ప్రతికి తిరిగెడు హార్డ్ డిస్కే మేలు, ఎస్.ఎస్.డి.ని ఏండ్ల తరబడి కరెంటు తగలకుండ బీరువాలో ఉంచితే అందులోనివి చెరిగిపోవచ్చును. ఇంకొక మాట. హార్డ్ డిస్కులో పొరపాటున చెరిపినది కొన్నిసార్లు వెలికి వచ్చును, ఎస్.ఎస్.డి.లో చెరిపినది తిరిగి వచ్చుట అరుదు. వేగమునకు మనము చెల్లించు వెల అది.

ఇదంతయు ఇప్పుడే ఎందుకు చెప్పుచున్నామంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. అందుచేత పాత కంప్యూటర్లెన్నో దుకాణములకు వెళ్లి, విండోస్ 11 గాని మరియొకటి గాని వేయించుకొనుచున్నవి. మీ కంప్యూటరు కూడ ఆ బల్ల మీదికి ఎక్కవచ్చును. కుర్రవాడు మిమ్మును అదే ప్రశ్న అడుగును: "మీ ఫైళ్లన్నీ డి లోనే ఉన్నాయి కదా?"

జవాబు చెప్పకముందే ఇంటివద్ద ఒక్క పని చేయండి. మీకు మిక్కిలి ప్రియమైన ఫైలు ఏదో తలచుకొని, దానిపై మౌసు కుడి మీట నొక్కి 'ప్రాపర్టీస్' తెరవండి. 'లొకేషన్' అను చోట మొదటి అక్షరము చూడండి. అది సి అయితే ఈ రాత్రే దానిని వేరొకచోట దింపుకొనండి.

మా బాప్తిస్మపు పుస్తకపు పేజీలన్నిటికి ఇప్పుడు ఫోటోలు తీయించాము. గాదె డిస్కులో ఒక ప్రతి, కోశాధికారి గారింట ఒక ప్రతి ఉన్నవి. పోయిన సగము పేర్లను భూతద్దము పెట్టుకొని మరల చదువుచున్నాము. కొన్నిటివద్ద ఆగిపోవుచున్నాము. అడుగుటకు ఆ కుర్చీలో ఎవరును లేరు. మీ ఇంటిలో అట్టి పెద్దలు ఇంకను ఉంటే వారిచేత చెప్పించుకొని వ్రాసుకొనండి. వ్రాసినదానిని రెండు చోట్ల ఉంచండి.